నీళ్ళ కింద ఉండగలనా అని అడిగావు

ప్రశ్న: నమస్తే అంకుల్. నాకు 20 ఏళ్ళు. పదకొండో ఏట అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను. ఇప్పుడు సిటిజన్‌ని. మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జీపీఏ 3.5. ఇంకాస్త ఉండేదే గానీ, హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ రిపోర్టు ఇచ్చేశాక రీడింగులు తప్పు తీశానని తెలిసి ప్రొఫెసర్‌కి చెప్పాను, ఆయన మార్కులు కోసేశారు. మా క్యాంపస్‌కు వచ్చిన నేవీ రిక్రూటర్ నన్ను నూపాక్ ప్రోగ్రాంలో చేరి న్యూక్లియర్ సబ్‌మెరైన్ ఆఫీసర్‌ని అవ్వమంటున్నాడు. చదువు అయ్యేదాకా నెలనెలా జీతం ఇస్తారట. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఉద్యోగం ఇస్తానంటోంది. "మిలిటరీలో చేరడానికా నిన్నింత దూరం తీసుకొచ్చింది" అని నాన్న నాతో మాట్లాడ్డం మానేశారు. అమ్మ రేడియేషన్ అంటూ ఏడుస్తోంది. నాకున్న భయం మాత్రం ఒక్కటే. నెలల తరబడి నీళ్ళ కింద, కిటికీ కూడా లేని ఆ గొట్టంలో ఉండగలనా? చేరమంటారా, వద్దంటారా?

జవాబు:

బాబూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనూ పన్నెండో ఏట అమ్మానాన్నల వెంట ఈ దేశం వచ్చినవాణ్ణే. మెకానికల్ చదివాను. 1990ల నడుమ ఇదే నూపాక్ కాగితాల మీద సంతకం పెట్టాను. అణు క్షిపణులు మోసే సబ్‌మెరైన్‌లో జూనియర్ ఆఫీసర్‌గా ఐదు గస్తీలు తిరిగి బయటికొచ్చాను. ఇప్పుడొక విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ నడిపేవాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. నా రోజులకీ ఇప్పటికీ మారినవి ఉన్నాయి, అవి వచ్చినచోట చెబుతాను.

ముందు నీ భయం సంగతి. మూసేసిన చోట ఊపిరాడదేమోనని అందరూ భయపడతారు. నేనూ భయపడ్డాను. కానీ మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళలో ఆ కారణంతో వెళ్ళినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. నేను ఎక్కిన ఒహాయో తరగతి బోటు 170 మీటర్ల పొడవు. లోపల అంతస్తులు, మెట్లు, లైట్లు, ఎప్పుడూ చల్లటి గాలి. సముద్రపు నీటినే మంచినీళ్ళు చేసుకుంటారు. ఆ నీటినే కరెంటుతో విడగొట్టి ఆక్సిజన్ తీస్తారు. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని అమీన్ అనే రసాయనంతో లాగేస్తారు. ఆ అమీన్ వాసన బట్టలకు పట్టిందంటే రెండు మూడు ఉతుకులకు గానీ వదలదు. మా అమ్మ నా సంచీని ఇంట్లోకి రానిచ్చేది కాదు, గరాజ్‌లోనే విప్పించేది. మునిగిన మూడో రోజుకల్లా నీళ్ళ కింద ఉన్నామన్న ధ్యాసే పోతుంది, ఎందుకంటే పని ఊపిరి తీసుకోనివ్వదు. దాడికి వాడే వర్జీనియా తరగతి బోట్లు ఇంకా ఇరుకు. 115 మీటర్ల పొడవులో 130 మందికి పైగా ఉంటారు. అక్కడ కింది ర్యాంకు నావికులు ముగ్గురు కలిసి రెండు పడకలు పంచుకోవలసి వస్తుంది కూడా. అయినా వాళ్ళూ అలవాటు పడతారు. మనిషి శరీరం ఇరుకుకు తొందరగానే లొంగుతుంది.

కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టు. నిన్ను నువ్వు అడగాల్సింది ఇంకొకటి ఉంది. నేను తప్పు చేశాను, ఎవరూ చూడలేదు, నేను సర్దేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలియదు, అలాంటప్పుడు నోరు విప్పగలనా?

ఇది ఊరికే అడగడం లేదు. నా రెండో గస్తీలో జరిగింది చెబుతాను. గడియారం ప్రకారం తెల్లవారుజాము మూడు. ఇంజన్ రూములో మాన్యూవరింగ్ అని ఒక చిన్న గది ఉంటుంది. లోపలికి రావాలంటే గుమ్మం దగ్గర ఆగి అనుమతి అడగాలి. ముగ్గురు నావికులు ప్యానెళ్ళ ముందు కూర్చుంటారు. ఒకరు రియాక్టర్‌ని, ఒకరు కరెంటుని, ఒకరు టర్బైన్లకు వెళ్ళే ఆవిరిని చూసుకుంటారు. వాళ్ళ వెనక ఒక ఆఫీసర్ ఉంటాడు. అతన్ని ఇంజనీరింగ్ ఆఫీసర్ ఆఫ్ ది వాచ్ అంటారు. వాచ్ అంటే ఆ షిఫ్టు కాపలా. ఆ రాత్రి ఆ కుర్చీలో నేనున్నాను. నాకు అప్పుడు 25.

ఒక పంపుకు మరమ్మతు చేయాలి. దానికి కరెంటు తీసేసి, బ్రేకరుకు ఎర్ర ట్యాగ్ కట్టాలి. ఆ ట్యాగ్ ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది, చూసి సంతకం పెట్టాను. అరగంట తర్వాత వేరే పనికోసం డ్రాయింగ్ తిరగేస్తుంటే గుండె జారిపోయింది. కాగితం మీద ఉన్నది పక్క పంపు బ్రేకరు నంబరు. అంటే ఎర్ర ట్యాగ్ ఒకదానికి కట్టారు, మనిషి చెయ్యి పెట్టబోయేది కరెంటు ఉన్న ఇంకొకదాని మీద. అతను ఇంకా పని మొదలుపెట్టలేదు, పనిముట్లు సర్దుకుంటున్నాడు. చడీచప్పుడు లేకుండా ఆ ట్యాగ్ విప్పించి సరైన బ్రేకరుకు కట్టించేస్తే సరిపోతుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరూ గమనించలేదు. ఫోన్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. పది సెకన్లు ఉంటుందేమో, నాకు చాలా సేపనిపించింది. తర్వాత పని ఆపించి, నిద్రపోతున్న ఇంజనీర్ ఆఫీసర్‌ని, అంటే ఇంజన్ రూము మొత్తానికి పెద్దని, లేపాను.

మర్నాడు క్రిటిక్ పెట్టారు. అక్కడ ఆ మాట వింటే అందరికీ కడుపులో తిప్పుతుంది. తప్పుతో సంబంధం ఉన్నవాళ్ళంతా ముందు ఎవరికి వారు జరిగింది రాసివ్వాలి. తర్వాత ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి నిమిషం నిమిషం విప్పుతారు. కాగితం తయారు చేసిన కుర్రాడు, సరిచూసిన చీఫ్ అనే సీనియర్ నావికుడు, సంతకం పెట్టిన నేను. ఇంజనీర్ నావైపు చూసి, "నువ్వు డ్రాయింగ్ చూశావా, చూశానని అనుకున్నావా?" అని అడిగాడు. చూశానని అనుకున్నాను. అదే చెప్పాను. రెండు వారాలు నన్ను వాచ్ నుంచి తీసేసి మళ్ళీ చదివించి, మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆ రెండు వారాలూ నా వాచ్‌లు తోటి ఆఫీసర్లు మోశారు. వాళ్ళ నిద్ర నేను తిన్నాను. వార్డ్‌రూములో వాళ్ళ ఎదురుగా కూర్చుని భోంచేయడం కష్టంగా ఉండేది. కానీ ఒక్కరూ నన్ను వేరుగా చూడలేదు. అదే బోటులో, కొలవని రీడింగుని కొలిచినట్టు లాగ్‌లో రాసిన నావికుడొకడు ఉండేవాడు. దానివల్ల ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా గస్తీ ముగిసి రేవు చేరాక అతను సామాను తీసుకుని దిగిపోయాడు, మళ్ళీ బోటు ఎక్కలేదు.

ఎందుకింత పట్టింపు అంటే దానికో చరిత్ర ఉంది. అమెరికా అణు నౌకాదళాన్ని కట్టినవాడు అడ్మిరల్ హైమన్ రికోవర్. పోలండ్‌లో పుట్టి 1906లో పసివాడిగా ఓడలో ఇక్కడికి వచ్చిన వలస కుటుంబపు పిల్లవాడు. మీ నాన్నగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పు. మొదటి అణు సబ్‌మెరైన్ నాటిలస్ 1955 జనవరి 17న తొలిసారి అణుశక్తితో కదిలింది. రికోవర్ 1982 దాకా ఆ దళం అధిపతి పదవి వదల్లేదు. చేరబోయే ప్రతి ఆఫీసర్‌ని తానే ఇంటర్వ్యూ చేసేవాడు. ముందుకాళ్ళు కాస్త పొట్టిగా కోయించిన కుర్చీలో కూర్చోబెట్టేవాడని అందరూ చెప్పుకుంటారు, అది నిజమే. ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ కూడా సబ్‌మెరైన్ ఆఫీసరే. రికోవర్ ఇంటర్వ్యూలో, నేవీ అకాడమీలో చదువుకునేటప్పుడు నీ చేతనైనంతా చేశావా అని అడిగితే, చేశానని చెప్పబోయి ఆగి, లేదండీ, అన్నిసార్లూ చేయలేదు అన్నాడట. ఎందుకు చేయలేదు అని అడిగి రికోవర్ కుర్చీ తిప్పుకున్నాడు. కార్టర్‌కి జవాబు దొరకలేదు. ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఇప్పటికీ నీకు చివరి ఇంటర్వ్యూ వాషింగ్టన్‌లోనే. నేవీ రియాక్టర్లన్నిటినీ చూసుకునే నావల్ రియాక్టర్స్ విభాగం అధిపతి, నాలుగు నక్షత్రాల అడ్మిరల్, స్వయంగా నీతో మాట్లాడతాడు. దానికి ముందు ఇంజినీర్లు ఇద్దరు ముగ్గురు నీచేత కాల్క్యులస్, ఫిజిక్స్ లెక్కలు బోర్డు మీద చేయిస్తారు. జవాబు రాకపోతే కొంప మునగదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పావో, అప్పుడే మునుగుతుంది.

ఇక ఉద్యోగం అసలు రూపం. అమెరికా నేవీలో ఇప్పుడున్న సబ్‌మెరైన్లన్నీ అణుశక్తివే. అందుకని సప్లై ఆఫీసర్ తప్ప బోటులో ప్రతి ఆఫీసరూ రియాక్టర్ చదువు చదివి రావాల్సిందే, రేపు కెప్టెన్ అయ్యేవాడు కూడా. న్యూపోర్ట్‌లో 13 వారాలు ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్. తర్వాత సౌత్ కరోలినాలోని గూస్ క్రీక్‌లో ఆరు నెలలు న్యూక్లియర్ పవర్ స్కూల్. మా రోజుల్లో అది ఓర్లాండోలో ఉండేది. పాఠాలు రహస్యం కాబట్టి నోట్సు ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు. చదవాలంటే ఆ భవనంలోనే కూర్చోవాలి. నేను పొద్దున్న ఏడింటికి వెళ్తే రాత్రి పదింటికి బయటపడేవాణ్ణి. కాలేజీలో చదవకుండా నెట్టుకొచ్చిన తెలివైన పిల్లలు అక్కడ మొదటి నెలలోనే చతికిలపడటం చూశాను. ఆ తర్వాత ఆరు నెలలు ప్రోటోటైప్, అంటే చార్లెస్టన్‌లో గానీ న్యూయార్క్ రాష్ట్రంలోని బాల్‌స్టన్ స్పాలో గానీ నిజం రియాక్టర్ మీద షిఫ్టుల్లో పని నేర్చుకోవడం. చివరగా కనెక్టికట్‌లోని గ్రోటన్‌లో సబ్‌మెరైన్ ఆఫీసర్ బేసిక్ కోర్సు. అంతా కలిపి బోటు ఎక్కేసరికి ఏడాదిన్నర దాటుతుంది.

ఎక్కాక దాదాపు మూడేళ్ళు బోటులోనే. మొదటి ఏడాది నువ్వు ఎవరికీ పనికిరావు. మెత్తగా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు. ప్రతి పైపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, ప్రతి వాల్వు ఎందుకుందో తెలుసుకుని, నీకంటే చిన్నవాడైన, డిగ్రీ లేని నావికుడి ముందు నిలబడి అతని ప్రశ్నలకు జవాబు చెప్పి, నీ కార్డు మీద అతని సంతకం తీసుకోవాలి. ఆ కార్డులో అలాంటి సంతకాలు వందలు. బోటుని నీళ్ళలో సమతూకంగా ఉంచే ట్రిమ్ సిస్టం నాకు నేర్పిన నావికుడు పందొమ్మిదేళ్ళవాడు. మూడుసార్లు వెనక్కి పంపాడు. నాలుగోసారి నేను గీసిన బొమ్మని చాలాసేపు చూసి ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. డిగ్రీలో వచ్చిన ఏ మార్కుకూ నేను అంత పొంగిపోలేదు. ఇలా నేర్చుకుంటూ ముందు రియాక్టర్ వాచ్, తర్వాత బోటు మొత్తాన్ని నడిపే ఆఫీసర్ ఆఫ్ ది డెక్, ఆ తర్వాత చొక్కా మీద బంగారు డాల్ఫిన్లు, అంటే సబ్‌మెరైన్ ఆఫీసర్‌గా అర్హత వచ్చిందనే బ్యాడ్జి. చివర్లో ఇంజనీర్ అర్హత పరీక్షకు మళ్ళీ వాషింగ్టన్ వెళ్ళాలి. ఇన్నేళ్ళూ నిన్ను ఎవరో ఒకరు పరీక్షిస్తూనే ఉంటారు. అది అవమానంగా తోచేవాళ్ళు అక్కడ నలిగిపోతారు.

నిద్ర సంగతి కూడా విను. మా రోజుల్లో నీళ్ళ కింద రోజుకు 18 గంటలే. ఆరు గంటలు వాచ్, పన్నెండు గంటలు మిగతావన్నీ. ఆ మిగతావాటిలో డ్రిల్లులు, చదువు, నీ విభాగం మనుషుల కాగితాలు, చిట్టచివర నిద్ర. ఇప్పుడు 24 గంటల రోజుకు మార్చారు, అది చాలా పెద్ద మేలు. అయితే రిక్రూటర్లు చెప్పని ముక్క ఇంకొకటుంది. సముద్రంలో కంటే ఒడ్డున ఉన్నప్పుడే జూనియర్ ఆఫీసర్‌కి ఎక్కువ చాకిరీ. మరమ్మతులు, తనిఖీలు, మూడు నాలుగు రోజులకోసారి బోటులోనే రాత్రి డ్యూటీ. ఇల్లు పదిమైళ్ళ దూరంలో ఉన్నా పెళ్ళాం మొహం చూడలేదని నా స్నేహితుడు బాధపడేవాడు. సముద్రంలో అయితే కనీసం దూరం ఉందని సరిపెట్టుకోవచ్చు.

అమ్మగారి భయానికి వద్దాం. ఆమెను కసురుకోకు. రేడియేషన్ కంటికి కనపడదు, భయం సహజం. రియాక్టర్ ఉన్న గదికీ మనుషులున్న చోటుకీ మధ్య మందపాటి కవచం ఉంటుంది. రియాక్టర్ నడుస్తుండగా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు. ఒక్కొక్కరికీ ఎంత సోకిందో కొలిచే చిన్న పరికరం నడుముకు పెట్టుకుని తిరుగుతారు. పైనుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను సముద్రమే అడ్డుకుంటుంది కాబట్టి, మునిగి ఉన్న నావికుడికి ఒడ్డున తిరిగే మనిషికంటే తక్కువే సోకుతుంది. అమెరికా అణు నౌకలు ఇప్పటిదాకా 15 కోట్ల మైళ్ళకు పైగా తిరిగాయి, వాటిలో రియాక్టర్ ప్రమాదం జరగలేదు.

ప్రమాదమే లేదని మాత్రం ఆమెకు చెప్పకు, అది అబద్ధం. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అనే సబ్‌మెరైన్ లోతుకు దిగే పరీక్షలో మునిగిపోయి 129 మంది పోయారు. 1968లో స్కార్పియన్, 99 మంది. థ్రెషర్ తర్వాత సబ్‌సేఫ్ అనే కట్టుబాటు తెచ్చారు. సముద్రపు ఒత్తిడిని తట్టుకునే ప్రతి భాగానికీ, ప్రతి వెల్డింగుకూ అది ఎక్కడిది, ఎవరు చేశారు, ఎవరు చూశారు అని రుజువు ఉండాలి. ఆ కట్టుబాటు ప్రకారం ధ్రువీకరించిన బోటు ఒక్కటీ ఇప్పటిదాకా మునగలేదు. నేను సంతకం పెట్టిన ఆ కాగితం మీద అంత రాద్ధాంతం ఎందుకు జరిగిందో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. 2005లో శాన్ ఫ్రాన్సిస్కో అనే బోటు సముద్రం అడుగున కొండను గుద్దుకుని ఒక నావికుడు చనిపోయాడు. అమ్మ అడిగితే ఇదీ చెప్పు. దాచి తర్వాత దొరికిపోతే ఇక నువ్వేం చెప్పినా నమ్మదు.

నన్ను అన్నిటికంటే కోసిన సంగతి వేరు. క్షిపణి బోటు గస్తీకి వెళ్ళిందంటే దాదాపు 77 రోజులు. ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు కాబట్టి అది వింటుందే తప్ప పలకదు. ఇంటి నుంచి ఫ్యామిలీగ్రామ్ అని చిన్న సందేశాలు వచ్చేవి. యాభై మాటలు దాటకూడదు, మనం తిరిగి జవాబు రాయడానికి లేదు. నాన్న ఆ మాటలు లెక్కపెట్టి రాసేవారు. గస్తీకి బయల్దేరే ముందు ఒక కాగితం నింపమన్నారు. ఇంట్లో చెడు జరిగితే వెంటనే చెప్పాలా, ఒడ్డుకు చేరాక చెప్పాలా? వెంటనే తెలిసినా చేయగలిగింది లేదు, బోటు వెనక్కి తిరగదు. ఒడ్డుకు చేరాకే అని రాశాను. మూడో గస్తీలో, రేవు చేరడానికి రెండు రోజుల ముందు కెప్టెన్ తన గదికి పిలిచి తలుపు వేశాడు. మా నాన్నమ్మ పోయి అప్పటికి 52 రోజులు. పెద్దకర్మ అయిపోయింది, నెల మాసికం అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన సందేశాలు తీసి మళ్ళీ చదువుకున్నాను. "అందరం బాగున్నాం, చలి ఎక్కువగా ఉంది, స్వెటర్ వేసుకో." చెడువార్త రాయకూడదని నాన్నకు తెలుసు. తల్లి పోయిన వారానికి ఆయన కూర్చుని ఆ మాటలు లెక్కపెట్టి రాశారు.

ఇప్పుడు ఈమెయిల్ ఉంది, మూటలు మూటలుగా వస్తుంది, కొన్నాళ్ళు అసలు రాదు. దాడి బోట్లయితే ఆరేసి నెలలు వెళ్ళినా మధ్యలో రేవుల్లో ఆగుతాయి. కానీ ఇంట్లో నీ అవసరం పడ్డ రోజున నువ్వు అక్కడ ఉండకపోవచ్చు. మీ నాన్నగారు కోపంలో అన్న మాట వెనక ఇదే ఉందేమో ఒకసారి ఆలోచించు. నీకు తోబుట్టువులున్నారో లేదో రాయలేదు. ఒక్కడివే అయితే ఈ సంగతి ఇంట్లో పైకి అనుకోవాల్సిందే.

ఇంకొకటి నీ మనసుకు సంబంధించింది. ఒహాయో తరగతి క్షిపణి బోటు ఒక్కొక్కటీ 20 ట్రైడెంట్ క్షిపణులు మోయగలదు. అవి ఎప్పటికీ పేలకుండా ఉండడానికే ఆ బోటు తిరుగుతుందని మేం నమ్మాం, నేనిప్పటికీ నమ్ముతాను. కానీ ఆజ్ఞ వస్తే పంపే పనిలో నీ చెయ్యీ ఉంటుంది. దీనికి జవాబు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే వెతుక్కో. నేను మొదటి గస్తీలో, మునిగాక, రాత్రులు పడుకుని ఆలోచించాను. అది ఆలస్యం.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం ఎస్‌ఎఫ్-86 అనే పెద్ద ఫారం నింపాలి. ఇండియాలో ఉన్న దగ్గరి బంధువులు, నీ ప్రయాణాలు, ఓసీఐ కార్డు ఉంటే అది, ఆస్తి ఉంటే అది, అన్నీ ఉన్నదున్నట్టు రాయి. మేనమామ ఇండియాలో ఉన్నాడని క్లియరెన్స్ ఆగదు. దాచితే ఆగుతుంది. తర్వాత ఇండియా వెళ్ళాలన్నా ప్రతిసారీ ముందుగా చెప్పి వెళ్ళాలి. ఇక నూపాక్ జీతం చదువు పూర్తయ్యే ముందు 30 నెలల దాకా ఇస్తారు. ఆ మొత్తాలు, బోనసులు మారుతుంటాయి, రిక్రూటర్ నోటిమాట కాకుండా ఒప్పందంలో ఏముందో చదువు. కమిషన్ అయిన రోజు, అంటే ఆఫీసర్ హోదా వచ్చిన రోజు, నుంచి ఐదేళ్ళు కట్టుబడాలి. న్యూక్లియర్ స్కూల్లో తప్పితే నన్నేం చేస్తారని కూడా అడుగు. ఇంటికి పంపరు, నేవీకి అవసరమున్న ఇంకో చోటుకు పంపొచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నచ్చకపోతే రెండు వారాల ముందు చెప్పి మానేస్తావు. ఇక్కడ అది కుదరదు. డబ్బు లెక్కే చూస్తే ఐదేళ్ళ తర్వాత నీ స్నేహితులు నీకంటే ముందుంటారు, అందులో సందేహం లేదు. జీతం చూసి చేరిన నా సహచరులిద్దరు రోజులు లెక్కపెట్టుకుంటూ బతికారు. వాళ్ళతో వాచ్ చేయడం మిగతావాళ్ళకూ నరకమే.

(ఇది చదివే అమ్మాయిలకు ఒక మాట. సబ్‌మెరైన్లలో ఆడవాళ్ళ మీద ఉన్న నిషేధాన్ని 2010లో ఎత్తేశారు. 2011 చివర నుంచి మహిళా ఆఫీసర్లు పనిచేస్తున్నారు. పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.)

ఇప్పుడు నువ్వడిగిన దానికి సూటిగా చెబుతాను. నీ జీపీఏ సరిపోతుంది, అది చూసి నేనేమీ తేల్చుకోలేదు. నువ్వు దారినపోతూ రాసినట్టు రాసిన ల్యాబ్ రిపోర్టు మాట చూశాను. ఇచ్చేసిన రిపోర్టులో తప్పుందని వెనక్కి వెళ్ళి చెప్పావు, మార్కులు పోయాయి. ఆయన మీద కోపంగా కూడా రాయలేదు. నేను 25 ఏళ్ళకు ఫోన్ మీద చెయ్యి వేసి పది సెకన్లు తటపటాయించిన పని నువ్వు 20 ఏళ్ళకే చేశావు. అందుకని చేరమనే అంటాను. ఒక్క షరతు. ఇల్లు వదిలి, నాన్న మాటల నుంచి దూరంగా పోవడానికి మాత్రం ఈ దారి పట్టకు. అది కారణమైతే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తీసుకుని ఇంకో ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకో, చాలు.

సంతకానికి ఈ నెలలోనే తొందరలేదు. రిక్రూటర్ తొందరపెడతాడు, అది అతని ఉద్యోగం. సబ్‌మెరైన్ స్థావరానికి తీసుకెళ్ళి బోటు చూపించమను. నూపాక్‌కి వచ్చే పిల్లలకు అలాంటి ప్రయాణాలు ఏర్పాటు చేస్తారు. అక్కడ రెండేళ్ళుగా పనిచేస్తున్న జూనియర్ ఆఫీసర్‌ని పక్కకు తీసుకెళ్ళి, పోయిన వారం ఎన్ని గంటలు పడుకున్నావని అడుగు. ఇంకేమీ అడగక్కర్లేదు, మిగతావన్నీ అతనే చెబుతాడు.

ఆ తర్వాత ఒక శనివారం నాన్నగారిని గ్రోటన్‌కు తీసుకెళ్ళు. నాటిలస్‌ని అక్కడే మ్యూజియంగా ఉంచారు, టికెట్ లేదు. నిటారు మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి, మోకాళ్ళు నొప్పులుంటే నెమ్మదిగా దింపు. ఆ ఇరుకు నడవాలో, ఒకదాని మీద ఒకటి అమర్చిన ఆ పడకల ముందు ఆయన ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనీ. నువ్వు ఒప్పించే ప్రయత్నం చేయకు. మా నాన్న నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. మొదటి గస్తీ నుంచి తిరిగొచ్చిన రోజు రేవుకు వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, "లోపల అన్నం పెడతారా?" అని అడిగారు. పెడతారన్నాను. కూరగాయలు రెండు వారాలకే అయిపోతాయని చెప్పలేదు.

నాటిలస్ చూసొచ్చాక నాన్నగారు ఏమన్నారో రాయి. ఆయన అడగాలనుకున్నవి ఉంటే ఆయన్నే నాకు రాయమను, ఆయనకు వేరుగా జవాబు రాస్తాను.